అరవైలో మళ్లీ షటిల్ కోర్టుకు: ప్రమాదం వయసుదా, విరామానిదా?

షటిల్ ఆడుతూ కోర్టులోనే కుప్పకూలిన వ్యక్తుల సీసీటీవీ దృశ్యాలు ఇటీవలి సంవత్సరాల్లో హైదరాబాద్ నుంచి ఒకటికి మించి బయటికి వచ్చాయి. బాగా ప్రచారమైన వాటిలో ఉన్నవారు నలభై ఏళ్లు కూడా నిండనివారే. అయినా వాటి దెబ్బ ఎక్కువగా తగిలింది అరవై దాటినవారికి. ఉద్యోగ విరమణ తర్వాత మళ్లీ రాకెట్ పట్టుకుందామనుకునే తండ్రితో "ఈ వయసులో ఆటలెందుకు నాన్నా, సాయంత్రం మ్యాచ్ ఉంది కదా, హాయిగా కూర్చుని చూడండి" అనడానికి పిల్లలకు అలాంటి వీడియో ఒక్కటి చాలు. ఆ మాటలో ప్రేమ ఉంది, భయం ఉంది. దానితో పాటు రెండు నమ్మకాలు కూడా ఉన్నాయి: ఆడటం ప్రమాదమన్నది ఒకటి, చూడటం వల్ల ఏ ముప్పూ లేదన్నది రెండోది. ఈ రెండూ సగం సగమే నిజం.

రెండో నమ్మకం సంగతి త్వరగా తేలిపోతుంది కాబట్టి దాన్నే ముందు చూద్దాం. 2006లో జర్మనీలో ఫుట్‌బాల్ ప్రపంచకప్ జరిగినప్పుడు మ్యూనిక్ నగరంలోనూ, దాని చుట్టుపక్కల ప్రాంతాల్లోనూ గుండెకు సంబంధించిన అత్యవసర కేసులను వైద్యులు లెక్కగట్టారు. జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో ఆ కేసులు మామూలు రోజులకంటే 2.66 రెట్లు నమోదయ్యాయి. పురుషుల్లో మూడు రెట్లు దాటాయి. అప్పటికే గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారిలో పెరుగుదల ఇంకా ఎక్కువగా ఉంది. ఆ కేసులు మైదానంలో పరుగెత్తినవారివి కావు. చివరి ఓవర్ మొదలవగానే "బీపీ మాత్ర వేసుకున్నారా" అని వంటింట్లో నుంచి అడిగే ఇల్లాళ్లకు ఈ విషయం ఏ పరిశోధనా అవసరం లేకుండానే తెలుసు.

ఆడటం ప్రమాదమన్న మొదటి నమ్మకం ఇంత తేలిగ్గా తేలదు. దాని చుట్టూ పరస్పరం విరుద్ధంగా కనిపించే రెండు రకాల ఆధారాలు ఉన్నాయి. ఒకదాన్ని మాత్రమే చదివినవారు ఆడితే ఆయుష్షు పెరుగుతుందంటారు, మరొకదాన్ని మాత్రమే చదివినవారు ఆడితే గుండెపోటు వస్తుందంటారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, వయసుకంటే ముందు లెక్కించవలసింది ఒకటుందని తెలుస్తుంది. అది ఆట మానేసిన నాటి నుంచి మళ్లీ మొదలుపెట్టిన నాటి వరకు గడిచిన కాలం.

రెండు లెక్కలు

ఇంగ్లండ్, స్కాట్లండ్‌లకు చెందిన 80 వేల మందికి పైగా వయోజనుల ఆరోగ్య వివరాలను సగటున తొమ్మిదేళ్ల పాటు గమనించిన అధ్యయనం ఒకటి 2016లో వెలువడింది. టెన్నిస్, బ్యాడ్మింటన్, స్క్వాష్ వంటి రాకెట్ ఆటలు ఆడుతున్నవారిలో మరణాల రేటు, ఆడనివారితో పోలిస్తే, 47 శాతం తక్కువగా కనిపించింది. ఈతగాళ్లలో ఆ తగ్గుదల 28 శాతం, ఏరోబిక్స్ చేసేవారిలో 27 శాతం, సైకిల్ తొక్కేవారిలో 15 శాతం. రెండేళ్ల తర్వాత, అంటే 2018లో, డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ నుంచి మరో అధ్యయనం వచ్చింది. అందులో 8,577 మందిని పాతికేళ్ల వరకు గమనించారు. ఏ వ్యాయామమూ చేయనివారితో పోలిస్తే టెన్నిస్ ఆడేవారికి 9.7 ఏళ్లు, బ్యాడ్మింటన్ ఆడేవారికి 6.2 ఏళ్లు, ఫుట్‌బాల్ ఆడేవారికి 4.7 ఏళ్లు, జాగింగ్ చేసేవారికి 3.2 ఏళ్లు, జిమ్‌కు వెళ్లేవారికి 1.5 ఏళ్లు అదనపు ఆయుష్షు ఉన్నట్టు లెక్క తేలింది.

ఈ అంకెలను షటిల్ క్లబ్బు గోడ మీద అంటించుకోవాలన్న కోరిక సహజమే గాని, అవి చెప్పేదానికి ఒక హద్దు ఉంది. ఈ అధ్యయనాల్లో ఎవరినీ టెన్నిస్ వైపో, జిమ్ వైపో చీటీ తీసి పంపలేదు. ఎవరికి వారు ఎంచుకున్న ఆటను నమోదు చేసుకుని, తర్వాత ఎవరు ఎంతకాలం బతికారో చూశారు. టెన్నిస్ ఆడేవారికి చదువు, డబ్బు, తీరిక సగటు మనిషికంటే ఎక్కువగా ఉంటాయి. ఒంట్లో బాగున్నవారే ఆటకు వెళ్తారు, బాగాలేనివారు మానేస్తారు. పరిశోధకులు ఇలాంటి తేడాలను వీలైనంత వరకు సర్దుబాటు చేశారు, కానీ అన్నింటినీ చేయడం ఎవరి వల్లా కాదు. అందుచేత షటిల్ ఆడితే ఆరేళ్లు ఎక్కువ బతుకుతామని వీటినుంచి తేల్చుకోకూడదు. నడివయసు దాటాక రాకెట్ ఆట ఆడేవారు మొత్తం మీద తొందరగా చనిపోవడం లేదని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు. పక్కవారితో కలిసి ఆడే ఆటలకే ఎక్కువ లాభం కనిపించడాన్ని బట్టి, శ్రమతో పాటు మనుషుల సాంగత్యం కూడా పనిచేసి ఉండవచ్చని కోపెన్‌హాగన్ పరిశోధకులు అభిప్రాయపడ్డారు. పొద్దున ఆరింటికి నలుగురిలో ఒకరు రాకపోతే ఫోన్ చేసి లేపే మిగతా ముగ్గురి విలువ ట్రెడ్‌మిల్లుకు లేదన్న మాట నాకు నమ్మదగినదిగానే తోస్తుంది.

రెండో రకం ఆధారం దీనికి పూర్తిగా ఎదురు తిరిగినట్టు ఉంటుంది. గుండెపోటుతో అమెరికా ఆస్పత్రుల్లో చేరిన వెయ్యిమందికి పైగా రోగులను, పోటు రావడానికి ముందు ఏం చేస్తున్నారో అడిగి తెలుసుకున్న అధ్యయనం 1993లో ప్రచురితమైంది. తీవ్రమైన శ్రమ చేసిన తర్వాతి గంటలో గుండెపోటు వచ్చే అవకాశం, శ్రమ లేని సమయంతో పోలిస్తే, సగటున దాదాపు ఆరు రెట్లుగా తేలింది. అయితే ఆ సగటు లోపల ఉన్న తేడాయే అసలు విషయం. వారానికి ఐదుసార్లు, అంతకు మించి శ్రమించే అలవాటున్నవారిలో ఆ పెరుగుదల 2.4 రెట్లు, వారానికి ఒక్కసారి కూడా శ్రమించనివారిలో 107 రెట్లు.

107 రెట్లన్న అంకె భయపెడుతుంది. కానీ ప్రమాదం ఎన్ని రెట్లు పెరిగిందన్నది వేరు, ప్రమాదం మొత్తం ఎంతన్నది వేరు. ఏదో ఒక గంటలో గుండెపోటు వచ్చే అవకాశం పది లక్షల్లో ఒకటిగా ఉన్న మనిషిని ఊహించుకుంటే, దానికి వంద రెట్లంటే పదివేలలో ఒకటి, అదీ ఆ గంట వరకే. శరీరం శ్రమకు అలవాటు పడే కొద్దీ ఆడే గంటలోని ప్రమాదం తగ్గుతుంది, మిగతా ఇరవై మూడు గంటల ప్రమాదమూ దానితో పాటే తగ్గుతుంది. దీర్ఘకాలపు అధ్యయనాల్లో కనిపించే లాభం ప్రధానంగా ఈ రెండో తగ్గుదలదే. కాబట్టి రెండు రకాల ఆధారాల మధ్య నిజంగా విరోధం లేదు. ఒకటి ఆడుతూ ఉన్నవారి గురించి చెబుతోంది, మరొకటి ఆడటం మానేసి హఠాత్తుగా మొదలుపెట్టినవారి గురించి చెబుతోంది.

ఆదివారం మాత్రమే ఆడేవారి మాటేమిటన్న సందేహం ఇక్కడ వస్తుంది. బ్రిటన్‌లో దాదాపు 90 వేల మంది మణికట్టుకు పరికరాలు కట్టి కదలికలను నమోదు చేసిన పరిశోధన, వారం మొత్తం వ్యాయామాన్ని ఒకటి రెండు రోజుల్లోనే ముగించేవారికి కూడా గుండె విషయంలో దాదాపు అంతే లాభం ఉందని 2023లో చెప్పింది. అలాంటివారు రెండు రోజులే చేసినా ప్రతి వారం చేస్తారు. మార్చిలో పరీక్షలంటూ, జూన్‌లో పెళ్లిళ్లంటూ, నవంబర్‌లో చలంటూ మూడేసి నెలలు మానేసి మళ్లీ కోర్టు ఎక్కేవారికి ఆ ఊరట వర్తించదు.

విరామం ఒంటికి ఏం చేస్తుంది

అమెరికాలోని డల్లాస్‌లో 1966లో ఒక ప్రయోగం జరిగింది. ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకులను మూడు వారాల పాటు మంచం మీద నుంచి లేవనీయకుండా ఉంచి, వారి శరీరం గరిష్ఠంగా ఎంత ప్రాణవాయువును వాడుకోగలదో ముందూ తర్వాతా కొలిచారు. ముప్పై ఏళ్ల తర్వాత, 1996లో, అదే ఐదుగురిని మళ్లీ పిలిచి కొలిచారు. ఇరవయ్యో ఏట మూడు వారాల మంచం వల్ల వారు కోల్పోయిన సామర్థ్యం, ఆ తర్వాత ముప్పై ఏళ్ల వయసు వల్ల కోల్పోయినదానికంటే ఎక్కువగా తేలింది. అంతేకాక, యాభై ఏళ్ల వయసులో ఆరు నెలల పాటు క్రమంగా పెంచుకుంటూ వెళ్లిన నడక, జాగింగ్, సైకిల్ శిక్షణతో వారు వయసు తీసుకుపోయిన సామర్థ్యాన్ని దాదాపు పూర్తిగా తిరిగి తెచ్చుకున్నారు. ఐదుగురి మీద చేసిన ప్రయోగాన్ని అందరికీ అన్వయించలేమన్నది నిజమే. అయినా మనం వయసు ఖాతాలో రాసేస్తున్న నష్టంలో ఎంత భాగం కదలకపోవడానిదో అది గట్టిగా చూపించింది.

వయసు అసలు ఏమీ చేయదని దీని అర్థం కాదు. ముప్పై దాటాక గుండె, ఊపిరితిత్తుల గరిష్ఠ సామర్థ్యం పదేళ్లకు సుమారు పది శాతం చొప్పున తగ్గుతుంది. క్రమం తప్పకుండా కఠిన సాధన చేసేవారిలో తగ్గే వేగం తక్కువ. కండరాల్లో నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేసే తంతువులు ఒక రకం, క్షణంలో బలంగా బిగిసే తంతువులు మరో రకం. వయసుతో ఎక్కువగా చిక్కిపోయేది రెండో రకం. అందువల్లే అరవై ఐదేళ్ల మనిషి గంటసేపు నడవగలిగినా, నెట్ దగ్గర పడబోతున్న షటిల్‌ను ఒక్క అంగలో అందుకోలేకపోతాడు. కాలు జారినప్పుడు రెండో కాలు సమయానికి ముందుకు వేయలేక పడిపోవడానికీ కారణం ఇదే. వాకింగ్ ఎంత చేసినా ఈ తంతువులకు పెద్దగా పని పడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు 65 దాటినవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో సరిపెట్టకుండా, కండరాలకు బలమిచ్చే వ్యాయామాన్ని కనీసం రెండు రోజులు, నిలకడను పెంచే రకరకాల కదలికలను కనీసం మూడు రోజులు చేయమనడం ఇందుకే. విశాఖ బీచ్ రోడ్డు మీదో, హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూనో రోజూ పొద్దున్నే నడిచే వేలమంది ఈ మూడింటిలో మొదటిదాన్ని మాత్రమే పూర్తిచేస్తున్నారు.

కండరం మాత్రం ఏ వయసులో పిలిచినా పలుకుతుంది. వృద్ధాశ్రమంలో ఉంటున్న, సగటు వయసు 90 ఏళ్లున్న పదిమందికి ఎనిమిది వారాల పాటు బరువులతో కాళ్ల వ్యాయామం చేయించిన అధ్యయనం 1990లో వచ్చింది. శిక్షణ పూర్తిచేసిన తొమ్మిదిమందిలో తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు, అంటే డాక్టర్లు టెండన్ అనేది, అంత తొందరగా స్పందించదు. దానికి రక్తప్రసరణ తక్కువ, కొత్త బరువుకు తగినట్టు గట్టిపడటానికి నెలలు పడుతుంది.

పాత ఆటగాడి చిక్కు

ఇక్కడే అరవైలో తిరిగి వచ్చే ఆటగాడికి అసలు చిక్కు ఎదురవుతుంది. కాలేజీ రోజుల్లోనో, ఆఫీసర్స్ క్లబ్బులోనో ఇరవై ఏళ్లు ఆడి, మరో ఇరవై ఏళ్లు మానేసిన మనిషి కోర్టులోకి దిగితే, ముందుగా తిరిగి వచ్చేది చేతివాటం. నాలుగు రోజులకే డ్రాప్ పడుతుంది, వారానికి సర్వీసు నెట్‌ను రాసుకుంటూ వెళ్తుంది. ఆయాసం తగ్గడానికి కొన్ని వారాలు, తొడలకు బలం రావడానికి రెండు మూడు నెలలు, మడమ వెనకున్న పెద్ద స్నాయువు సిద్ధం కావడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. మెదడులో ఉన్న షాట్ నలభై ఏళ్ల నాటిది, దాన్ని మోయవలసిన పిక్క ఇప్పటిది. తలమీదుగా వెళ్తున్న షటిల్ కోసం వెనక్కి పరుగెత్తి, ఒంటికాలి మీద ఆగి, మళ్లీ ముందుకు దూకబోయిన క్షణంలో పిక్క కండరం చీలడమో, మడమ స్నాయువు తెగడమో జరుగుతుంది. తెగినవారిలో చాలామంది, వెనకనుంచి ఎవరో రాకెట్‌తో కాలి మీద కొట్టారనుకుని తిరిగి చూస్తారు; వెనక ఎవరూ ఉండరు. ఈ కోణంలో చూస్తే, అరవైలో మొదటిసారి రాకెట్ పట్టుకున్నవారే కొంత క్షేమం. వారికి ఆట రావడం, ఒళ్లు సిద్ధం కావడం దాదాపు ఒకే వేగంతో సాగుతాయి.

పౌరుషం దీనికి తోడవుతుంది. తన దగ్గర ఆట నేర్చుకున్న జూనియర్ అవతలి కోర్టులో ఉన్నప్పుడు, ఇంటి దగ్గర డాక్టర్ చెప్పిన జాగ్రత్త గుర్తుండటం కష్టం. మగవారి డబుల్స్‌లో దెబ్బలు ఎక్కువగా తగిలేది మూడో గేమ్‌లోనని క్లబ్బుల్లో అందరూ అనే మాటలో అర్థముంది. అలసిన కండరం ఆలస్యంగా బిగుస్తుంది, మనసు మాత్రం స్కోరు మీద ఉంటుంది.

మోకాళ్ల గురించి ఇంట్లో వినిపించే హెచ్చరికకు మాత్రం అంత బలం లేదు. వాడే కొద్దీ మోకాలు అరిగిపోతుందన్న నమ్మకం మనలో పాతుకుపోయింది గాని, కీలులోని మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. బరువు పడి వదిలినప్పుడల్లా లోపలికీ బయటికీ కదిలే కీలు ద్రవమే దానికి పోషణ. ఆరోగ్యం కోసం, సరదా కోసం పరుగెత్తేవారిలో మోకాలి, తుంటి కీళ్లవాతం, కూర్చుని ఉండేవారిలోకంటే తక్కువగా కనిపించిందని అధ్యయనాలన్నింటినీ కలిపి చూసిన 2017 నాటి విశ్లేషణ ఒకటి చెప్పింది. పోటీల స్థాయిలో పరుగెత్తినవారిలో మాత్రం అది ఎక్కువ. పాత లిగమెంటు గాయమో, బాగా ముదిరిన కీళ్లవాతమో, అధిక బరువో ఉన్నవారి సంగతి వేరు. అలాంటివారు షటిల్‌కంటే ఈతనో, టేబుల్ టెన్నిస్‌నో ఎంచుకోవడం మేలు.

తిరిగి వచ్చే వరుస

ఆడి ఒళ్లు బాగుచేసుకుందామని చాలామంది అనుకుంటారు. ఇరవైలో అది చెల్లుతుంది. అరవైలో ఒళ్లు సిద్ధం చేసుకున్నాకే ఆటకు వెళ్లాలన్నది నా అభిప్రాయం, దానికి రెండు మూడు నెలలు కేటాయించడం నష్టమేమీ కాదు. మధ్యమధ్యలో రెండేసి నిమిషాలు వేగం పెంచే నడక, చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, మెట్టు అంచున నిలబడి మడమలను నెమ్మదిగా పైకి లేపి దించడం, గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడటం, ముందుకూ పక్కకూ పెద్ద అంగలు వేయడం వంటివి ఇంట్లోనే చేసుకోదగినవి. వీటిలో మడమలు లేపే వ్యాయామాన్ని ఎవరూ పట్టించుకోరు గాని, షటిల్ ఆటగాడి కాలికి అంతగా పనికొచ్చేది మరొకటి లేదు. ఆ తర్వాత సగం కోర్టులో ఎదురెదురుగా నిలబడి కొట్టుకోవడం, ఆపైన డబుల్స్. పక్కకు 20 అడుగులు, పొడవున 44 అడుగులు ఉండే డబుల్స్ కోర్టులో తమవైపు సగాన్ని ఇద్దరు పంచుకుంటారు కాబట్టి ఒక్కొక్కరి మీద పడే పరుగు బాగా తగ్గుతుంది. సింగిల్స్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఆట నియమాలను వయసుకు తగ్గట్టు మార్చుకోవడానికి మనవాళ్లు ఎందుకో సిగ్గుపడతారు. ఇంగ్లండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్‌లో 2011లో యాభై దాటినవారి కోసం నడక ఫుట్‌బాల్ మొదలైంది. అందులో పరుగెత్తితే ఫౌల్, ఒకరినొకరు ఢీకొనకూడదు. అది అక్కడి నుంచి అనేక దేశాలకు పాకింది. షటిల్‌లో రెండు కాళ్లూ నేల వదలకూడదని, 21 పాయింట్ల గేమ్‌ను 11కే ముగించాలని, తల వెనక్కి వెళ్లిన షటిల్‌ను వదిలేస్తే పాయింటు పోయినా ఎవరూ నవ్వకూడదని నలుగురూ ముందే ఒప్పందం చేసుకోవచ్చు. చిల్లులున్న ప్లాస్టిక్ బంతితో, చెక్కబ్యాటు లాంటి దానితో ఆడే పికిల్‌బాల్ ఈ మధ్య హైదరాబాద్‌లో విస్తరిస్తోంది. దానికి వాడేదీ 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పున్న కోర్టే. అందులో సర్వీసు సాధారణంగా నడుము ఎత్తు దాటకుండా చేస్తారు, చేతిని తలపైకి విసిరే పని తక్కువ కాబట్టి భుజం నొప్పి ఉన్నవారికి అది అనుకూలం. చిన్న కోర్టు కదా అని పరుగుతో వెనక్కి వెళ్లి పడి మణికట్టు విరగ్గొట్టుకునే ప్రమాదం మాత్రం అందులోనూ ఉంది.

కళ్ల గురించి ఒక్క మాట. డబుల్స్‌లో నెట్ దగ్గరున్న ఆటగాడు వెనకనున్న పార్ట్‌నర్ ఏం కొడుతున్నాడో చూడటానికి తల తిప్పినప్పుడు షటిల్ కంటికి తగలవచ్చు. దగ్గరి చూపు, దూరపు చూపు ఒకే అద్దంలో ఉండే కళ్లజోడుతో ఆడితే కిందికి చూసినప్పుడు నేల మసకబారి అడుగు తప్పుతుంది. ఆటకు దూరపు చూపు ఒక్కదానికే, పగలని రకం ప్లాస్టిక్ అద్దాలతో విడిగా జోడు చేయించుకోవడం మంచి ఖర్చు.

మందుల సంచి, మూసిన కిటికీలు

అరవై దాటిన తెలుగు ఆటగాళ్లలో రోజూ మాత్ర వేసుకోనివారు అరుదు. ఆ మాత్రలకూ ఆటకూ మధ్య ఉన్న సంబంధాన్ని వివరించి చెప్పే తీరిక చాలా క్లినిక్కులలో ఉండదు. బీపీకి, గుండెకు ఇచ్చే బీటా బ్లాకర్లు నాడి వేగాన్ని అణిచి ఉంచుతాయి. 220లోంచి వయసు తీసేసి వచ్చిన అంకెలో ఇన్ని శాతమంటూ వాచీ చూపించే లక్ష్యం వారికి వర్తించదు. ఆడుతూ చిన్న వాక్యాలు మాట్లాడగలిగితే శ్రమ సరిపోయినట్టు, మాట తెగిపోతుంటే మించిపోయినట్టు లెక్కించుకోవడం వారికి నమ్మదగిన కొలత. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి ఖాళీ కడుపుతో పొద్దున్నే ఆడితే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. ఆ తగ్గుదల ఆట ముగిసిన కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు. ప్రోస్టేట్‌కు వాడే కొన్ని మాత్రలు హఠాత్తుగా లేచి నిలబడినప్పుడు కళ్లు తిరిగేలా చేస్తాయి. రక్తం పలుచబరిచే మందులు వాడేవారు తలకు దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనిపించకపోయినా, ఆస్పత్రికి వెళ్లవలసిందే.

అన్నింటికంటే తక్కువమందికి తెలిసినది యాంటీబయాటిక్ సంగతి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కో, దగ్గుకో మనకు సులువుగా రాసిచ్చే సిప్రోఫ్లోక్సాసిన్, లీవోఫ్లోక్సాసిన్ వంటివి స్నాయువులను బలహీనపరచి, ముఖ్యంగా మడమ వెనకది తెగిపోయేలా చేయగలవు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే ఈ మందుల మీద అత్యంత తీవ్రమైన హెచ్చరికను ముద్రించాలని ఆదేశించింది. అరవై దాటినవారికి, స్టెరాయిడ్ కూడా వాడుతున్నవారికి ముప్పు ఎక్కువ. కోర్సు ముగిసిన కొన్ని నెలల వరకు అది ఉండవచ్చు. ఐదు రోజుల మాత్రలు అయిపోయిన మరునాడే కోర్టుకు వెళ్లాలనుకునేవారు ముందు డాక్టర్‌ను అడగాలి.

ముందస్తు పరీక్షల విషయంలో మనవాళ్లు రెండు కొసల మధ్య ఊగుతారు: ఏదీ చేయించుకోకపోవడం, లేదా టూడీ ఎకో (గుండె స్కానింగ్), టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చేసే గుండె పరీక్ష) చేయించుకుని ఇక ఏ భయమూ లేదనుకోవడం. ఏ లక్షణాలూ, జబ్బులూ లేనివారు తేలికపాటి శ్రమతో మొదలుపెట్టి పెంచుకోవడానికి పెద్ద పరీక్షలు అక్కరలేదని క్రీడావైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. గుండె, మూత్రపిండాల జబ్బులు గాని, షుగర్ గాని ఉండి ఇంతకాలం కదలకుండా ఉన్నవారు, మెట్లెక్కితే ఛాతీలో బరువు అనిపించేవారు ముందుగా డాక్టర్ అనుమతి తీసుకోవాలి. దక్షిణాసియావారికి తొలి గుండెపోటు వచ్చే వయసు సుమారు 53 ఏళ్లని, మిగతా దేశాలవారికి అది 59కి దగ్గరగా ఉందని అనేక దేశాలను పోల్చిన పెద్ద అధ్యయనంలో తేలింది కాబట్టి, మనవాళ్లు అనుమతి వైపే కాస్త మొగ్గడం తప్పు కాదు. అయితే టీఎంటీ నార్మల్ అంటే ఆ రోజుకు గుండె రక్తనాళాల్లో ప్రవాహాన్ని అడ్డగించేంత పెద్ద అడ్డంకి ఉన్నట్టు కనిపించలేదని మాత్రమే. చిన్న కొవ్వు పొర చిట్లి గడ్డకట్టే అవకాశాన్ని అది ముందుగా చెప్పలేదు.

కోర్టు సంగతీ చూసుకోవాలి. గాలి వీస్తే షటిల్ పక్కకు పోతుందని ఇండోర్ కోర్టుల్లో కిటికీలు మూసేస్తారు, ఫ్యాన్లు తీసేస్తారు. మే నెలలో విజయవాడలోనో, రాజమండ్రిలోనో అలాంటి హాలు లోపల చెమట ఆరదు, ఒంటి వేడి బయటికి పోదు. వయసు మీరినవారికి దాహం ఆలస్యంగా తెలుస్తుంది. బీపీకి మూత్రం ఎక్కువ చేసే మాత్రలు వాడుతుంటే ఒంట్లో నీరు ఇంకా త్వరగా తగ్గుతుంది. గేముకూ గేముకూ మధ్య దాహం వేసినా వేయకపోయినా నీళ్లు తాగడం, ఎండాకాలంలో ఒక గేమ్ తగ్గించుకోవడం తప్ప దీనికి వేరే ఉపాయం లేదు.

కోర్టులో కనిపించనివారు

ఇంతవరకు చెప్పినదంతా చదివితే అరవై దాటిన ఆటగాడంటే మగవాడేనన్న భావన కలుగుతుంది, మన కోర్టుల్లో ఉదయం ఆరు గంటలకు కనిపించే దృశ్యం కూడా అదే. ఆ వేళకు ఆ ఇంటి ఆడవారు పొయ్యి దగ్గర ఉంటారు. వైద్యపరంగా చూస్తే ఆటతో ఎక్కువ అవసరం ఉన్నది వారికే: నెలసరి ఆగిన తర్వాత ఎముకల సాంద్రత వేగంగా తగ్గుతుంది, తుంటి ఎముక విరగడం ఆడవారిలోనే ఎక్కువ, ఆ విరుపు సాధారణంగా పడిపోవడంతోనే మొదలవుతుంది. నిలకడను, కాళ్ల బలాన్ని పెంచే వ్యాయామాలు పడిపోవడాన్ని సుమారు పావు వంతు తగ్గిస్తాయని అనేక ప్రయోగాలను కలిపి చూసిన సమీక్ష చెబుతోంది. ఇప్పుడు అరవైల్లో ఉన్న తెలుగు స్త్రీలలో హైస్కూల్లో టెన్నికాయిట్, త్రోబాల్ ఆడినవారు చాలామందే ఉన్నారు. పదో తరగతితోనో, పెళ్లితోనో అది ఆగిపోయింది. రబ్బరు రింగు, రెండు స్తంభాలు, ఒక నెట్ ఉంటే అపార్ట్‌మెంటు ఆవరణలోనే టెన్నికాయిట్ ఆడవచ్చు; పట్టుకోవడం, పక్కకు జరగడం, విసరడం అన్నీ ఉన్నా భారీ దూకుళ్లు తప్పనిసరి కావు. కోర్టు వేళల్లో సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు ఆడవారికి కేటాయించడం, ఆ గంటను పెళ్లివారికో, పిల్లల కోచింగ్‌కో ఇచ్చేయకుండా ఉండటం సంఘాల చేతిలో ఉన్న పని.

వందేళ్లు దాటి పరుగెత్తినవారి కథలు ఇలాంటి చోట్ల తరచుగా వినిపిస్తాయి. చండీగఢ్‌కు చెందిన మన్ కౌర్ తొంభై దాటాక పరుగు మొదలుపెట్టి, 2017లో ఆక్లాండ్‌లో జరిగిన ప్రపంచ మాస్టర్స్ క్రీడల్లో 101 ఏళ్ల వయసులో వంద మీటర్ల పరుగు పూర్తిచేశారు. వరంగల్‌లో స్థిరపడిన బాల్ బ్యాడ్మింటన్ దిగ్గజం, అర్జున అవార్డు గ్రహీత జమ్మలమడక పిచ్చయ్య నూరేళ్లు దాటి జీవించి 2021లో కన్నుమూశారు. వారి జీవితాలు గౌరవించదగినవే గాని, ఒక్కరి ఆయుష్షు ఎవరికీ రుజువు కాదు. మామూలు ఆటగాడికి అంతకంటే పనికొచ్చేవి ఐదేళ్ల అంతరంతో వయసు విభాగాలుండే వెటరన్ పోటీలు. ప్రపంచ సీనియర్ బ్యాడ్మింటన్ పోటీలు 2017లో కొచ్చిలోనే జరిగాయి. తన ఈడువారితోనే ఆడతానని తెలిసినవాడు ముప్పై ఏళ్ల కుర్రాడి స్మాష్‌కు అడ్డం పడవలసిన అవసరం లేదు.

ఇక ఆ వీడియోల దగ్గర తేల్చవలసిన విషయం ఒకటి మిగిలింది. కోర్టులో మనిషి కుప్పకూలి, పిలిచినా పలకక, ఊపిరి సరిగా తీసుకోకపోతే, నీళ్లు చల్లడంలోనూ తాళాలు చేతిలో పెట్టడంలోనూ పోయే నిమిషాలే ప్రాణాంతకం. ఒకరు 108కి ఫోన్ చేయాలి, మరొకరు వెంటనే ఛాతీ మధ్యలో రెండు చేతులతో, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ ఉండాలి. గుండె లయ తప్పి ఆగినప్పుడు విద్యుత్ షాక్ ఇచ్చే పరికరం అందడంలో ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ, ఎవరూ ఛాతీ నొక్కకపోతే, బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. ఆ పరికరం ఏం చేయాలో మాటల్లో చెబుతుంది, అవసరం లేని మనిషికి షాక్ ఇవ్వదు, వాడటానికి డాక్టరే కానక్కరలేదు. సింథటిక్ కోర్టుకు, ఎల్‌ఈడీ లైట్లకు లక్షలు పెడుతున్న క్లబ్బులు ఆ పరికరాన్ని కొని, అందరికీ కనిపించే గోడకు తగిలించి, నెలనెలా చందా కట్టే సభ్యులందరికీ ఒక ఆదివారం ఛాతీ నొక్కడం నేర్పించగలవు.